ఇసుక కింద దాగిన సూచన



సృష్టిలోని సూచనలను గురించి ముచ్చటించుకునే ఈ శీర్షికలో ఈ నెల మనం నేలను విడిచి సముద్రంలోకి దిగుదాం. ఫజ్ర్ నమాజు ముగిసిన కాసేపటికి విశాఖపట్నంలోనో, కాకినాడలోనో, మచిలీపట్నంలోనో చేపల రేవుకు వెళ్లి చూసినవారికి ఒక దృశ్యం పరిచయమే. పడవల నుంచి దించిన రకరకాల చేపల నడుమ, పెద్ద పళ్లెంలా బల్లపరుపుగా, కొరడాలాంటి పొడవైన తోకతో ఒక చేప నేలమీద పరచుకుని ఉంటుంది. మన తీరంలో దాన్ని టేకు చేప అంటారు. పిల్లలు ముచ్చటపడి దాని దగ్గరికి పోబోతే పెద్దలు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతారు. తోకలో ముల్లుంది, తాకవద్దు అంటారు.

ఆ హెచ్చరిక సరైనదే. అయితే చాలామందికి ఆ చేపను గురించి తెలిసింది కూడా అంతే. ముల్లున్న చేప, ప్రమాదకరమైన చేప! సృష్టికర్త దానికి ఆ ముల్లును ఎందుకిచ్చాడు? దాన్ని అది ఎప్పుడు వాడుతుంది? ఎప్పుడు వాడదు? ఈ ప్రశ్నలు వేసుకుని ముందుకు సాగితే చివరికి అవి మన వైపే తిరుగుతాయి. ఎందుకంటే అల్లాహ్ మన చేతికి కూడా కొన్ని ఆయుధాలను ఇచ్చాడు. వాటిని మనం ఎలా వాడుతున్నామన్న లెక్క ఒకనాడు అప్పజెప్పవలసి ఉంది.

ఎముక లేని శరీరం

టేకు చేపలు సొరచేపలకు దగ్గరి బంధువులు. ప్రపంచ సముద్రాల్లో, కొన్ని నదుల్లో కలిపి వీటిలో 600కు పైగా జాతులు ఉన్నాయి. కొన్ని అరచేతి వెడల్పుకు మించవు. కొన్ని ఇంటి గది కంటే వెడల్పుగా పెరుగుతాయి. వీటి శరీరంలో గట్టి ఎముక ఉండదు. మన చెవి దొప్పలోనూ, ముక్కు కొసలోనూ ఉండే మెత్తని మృదులాస్థితోనే వీటి అస్థిపంజరమంతా నిర్మితమైంది. అందువల్ల శరీరం తేలికగా ఉంటుంది, విల్లులా వంగుతుంది. మామూలు చేపలకు నీటిలో తేలడానికి సాయపడే గాలితిత్తి వీటికి లేదు. ఆ లోటును కొంతవరకు నూనె నిండిన పెద్ద కాలేయం తీరుస్తుంది.

మనం తోక అనుకునేది తోకే గాని, రెక్కల్లా కనిపించేవి మాత్రం నిజానికి ఛాతీ వద్ద ఉండే ఈత రెక్కలే. అవి విశాలంగా పెరిగి తలతో కలిసిపోయి పళ్లెం ఆకారాన్ని ఇచ్చాయి. అడుగున జీవించే జాతులు ఆ పళ్లెం అంచులను అలలు అలలుగా కదిలిస్తూ, గాలికి కదిలే చీర అంచులా నీటిలో జారిపోతాయి. నడి సముద్రంలో తిరిగే జాతులు పక్షి రెక్కలు ఆడించినట్టే ఆడిస్తూ ఎగురుతున్నట్టు ఈదుతాయి. కొన్ని జాతులు నీటి నుంచి నిజంగానే గాలిలోకి ఎగిరి, దభీమని తిరిగి నీటిపై పడతాయి.

ఇసుకలో పడుకుని జీవించే ప్రాణికి ఎన్ని చిక్కులున్నాయో ఆలోచించండి. నోరు, మొప్పల చీలికలు రెండూ పొట్ట వైపు ఉన్నాయి. ఇసుకలో కూరుకుని ఉన్నప్పుడు ఆ నోటితో నీరు పీల్చితే మొప్పల్లోకి ఇసుకే పోవాలి. అందుకోసం కళ్ల వెనుక, పైభాగాన రెండు రంధ్రాలు అమర్చబడ్డాయి. శుభ్రమైన నీరు ఆ రంధ్రాల గుండా లోపలికి వచ్చి, మొప్పలను తడిపి, కింది వైపు నుంచి బయటికి పోతుంది. కళ్లు పైవైపు ఉన్నాయి కనుక సూర్యకాంతి నేరుగా పడుతుంది. దానికి తగ్గట్టు కంటిపాప పైభాగం నుంచి ఒక చిన్న తెరలాంటి భాగం దిగి కాంతిని అదుపు చేస్తుంది. చాలా జాతులకు వీపు ఇసుక రంగులోనో, ముదురు రంగులోనో ఉంటే పొట్ట తెల్లగా ఉంటుంది. పై నుంచి చూసేవారికి అది నేలలో కలిసిపోతుంది. కింది నుంచి చూసేవారికి వెలుగులో కలిసిపోతుంది.

ఒక చిక్కు వెంట ఒక పరిష్కారం, దాని వెంట మరొక ఏర్పాటు! ఇంత పొందికను చూసిన విశ్వాసి హృదయం సుబ్‌హానల్లాహ్ అనకుండా ఉండగలదా?

చూడకుండానే తెలుసుకునే జ్ఞానం

కళ్లు పైన, నోరు కింద ఉన్న ఈ చేప తాను తినబోయేదాన్ని తన కళ్లతో చూడలేదు. ఇసుక అడుగున దాక్కున్న రొయ్యనో, పీతనో, గుల్లనో అది ఎలా పసిగడుతుంది?

టేకు చేప మూతి చుట్టూ, నోటి చుట్టూ సూది మొనంత రంధ్రాలు వందల్లో ఉంటాయి. ప్రతి రంధ్రం వెనుక జిగురు పదార్థం నిండిన ఒక సన్నని గొట్టం ఉంటుంది. ఇటలీకి చెందిన స్టెఫానో లోరెంజీనీ అనే శాస్త్రజ్ఞుడు 1678లో వీటిని వివరంగా వర్ణించాడు. అవి ఎందుకున్నాయో తేల్చడానికి మనిషికి ఆ తరువాత రెండు శతాబ్దాలకు పైగా పట్టింది. ప్రతి జీవి శరీరం నుంచి అతి స్వల్పమైన విద్యుత్తు వెలువడుతుంది. గుండె కొట్టుకున్నా, మొప్ప కదిలినా ఆ సంకేతం నీటిలోకి వ్యాపిస్తుంది. ఇసుక కింద దాగిన పీత కంటికి కనిపించకపోయినా దాని విద్యుత్ సంకేతం మాత్రం దాగదు. టేకు చేప ఆ రంధ్రాల సాయంతో దాన్ని గ్రహించి, రెక్కలను నేలకేసి ఆడించి, నోటితో నీటిని చిమ్మి ఇసుకను తొలగిస్తుంది. రాళ్లు పేర్చినట్టున్న చదునైన పళ్లతో గుల్లను నూరి తింటుంది. అది తవ్విన గుంటల వల్ల అడుగు మట్టి గుల్లబారి, లోపలికి ప్రాణవాయువు చేరుతుంది. తన ఆహారం కోసం అది చేసే పని సముద్రపు నేలకు దుక్కి దున్నినట్టు ఉపయోగపడుతుంది.

కొన్ని టేకు జాతులు విద్యుత్తును గ్రహించడంతో ఆగవు, స్వయంగా పుట్టిస్తాయి. తలకు ఇరువైపులా మూత్రపిండం ఆకారంలో ఉండే అవయవాలు ఆ పని చేస్తాయి. అట్లాంటిక్ సముద్రంలోని ఒక పెద్ద జాతి దాదాపు 220 వోల్టుల దాకా విద్యుత్తును విడుదల చేయగలదు. మొదటి శతాబ్దంలో స్క్రిబోనియస్ లార్గస్ అనే రోమన్ వైద్యుడు తలనొప్పికి, కాళ్ల వాతానికి ఈ చేప తాకిడిని చికిత్సగా సూచించాడు.

అరబ్బులకు కూడా విద్యుత్తునిచ్చే చేపలు తెలుసు. వాటిని వారు ‘రఆద్’ అని పిలిచారు. ఉరుమును సూచించే ‘రఅద్’ అనే పదం నుంచే ఆ పేరు వచ్చింది. దివ్య ఖుర్ఆన్‌లోని 13వ సూరా పేరు కూడా ‘రఅద్’ అని పాఠకులకు తెలిసిందే. బాగ్దాద్‌కు చెందిన వైద్యుడు, పండితుడు అబ్దుల్లతీఫ్ అల్‌బాగ్దాదీ (1162–1231) తన ఈజిప్టు గ్రంథంలో నైలు నది రఆద్‌ను గురించి రాశాడు. ఆ నైలు చేప టేకు జాతికి చెందినది కాదు, మీసాలుండే మరొక జాతిది. కాని చేతికి తిమ్మిరి పట్టించే ఆ శక్తిని ఆయన ఒక వైద్యుడికి తగిన శ్రద్ధతో నమోదు చేశాడు. తరువాతి కాలంలో జాన్ వాల్ష్ అనే ఆంగ్లేయుడు 1772లో ఫ్రాన్స్ తీరంలో ప్రయోగాలు చేసి, టేకు చేప ఇచ్చే తాకిడి విద్యుత్తేనని చూపాడు. 1800లో వోల్టా తన తొలి బ్యాటరీని లోకానికి పరిచయం చేసినప్పుడు దాన్ని ఈ చేప విద్యుత్ అవయవంతోనే పోల్చాడు. నేడు మన ఇంట్లో గడియారంలోనూ, టార్చిలైటులోనూ ఉన్న బ్యాటరీకి పూర్వపు నమూనా సముద్రపు అడుగున ఈదుతూ ఉండేదన్నమాట!

ముల్లు ఉంది, కాని...

ఇక అందరూ భయపడే ముల్లు దగ్గరకు వద్దాం. టేకు చేపల్లో అన్ని జాతులకూ ఇది ఉండదు. ఉన్నవాటిలో తోక మీద ఒకటో రెండో ముళ్లు, అంచుల్లో రంపపు పళ్లతో ఉంటాయి. వాటి గాళ్లలో విషాన్నిచ్చే కణజాలం ఉంటుంది. ముల్లు విరిగితే దాని స్థానంలో మరొకటి పెరుగుతుంది. గాయపడినవారికి భరించలేని నొప్పి పుడుతుంది.

వేటాడటానికి మాత్రం ఈ చేప తన ముల్లును వాడదు. పీతను పట్టడానికి గాని, చిన్న చేపను చంపడానికి గాని, ఆకలి తీర్చుకోవడానికి గాని దానికి ముల్లు అవసరం లేదు. ఆ ముల్లు కేవలం ఆత్మరక్షణకే. అలికిడి వినిపిస్తే ముందుగా అది చేసే పని తప్పుకుని పోవడం. వెళ్లడానికి దారి లేనప్పుడు, ఎవరైనా తన మీద కాలు మోపినప్పుడు, వెన్ను అదిమినప్పుడు తోకను పైకి విదిలిస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన ప్రసిద్ధ జంతు ప్రేమికుడు స్టీవ్ ఇర్విన్ 2006 సెప్టెంబరు 4న చిత్రీకరణ సమయంలో టేకు చేప ముల్లు ఛాతీలో దిగి మరణించిన సంగతి లోకమంతా విన్నది. అంతగా ప్రచారం పొందడానికి ఒక కారణం అటువంటి మరణాలు అత్యంత అరుదు కావడమే. ఎక్కువ మందికి తగిలే గాయాలు పాదానికీ, చీలమండకూ. చూడకుండా తొక్కడం వల్లనే అవి జరుగుతాయి.

సముద్రతీరానికి పిల్లలతో వెళ్లే కుటుంబాలు ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోవాలి. లోతు తక్కువ నీటిలో నడిచేటప్పుడు కాలు ఎత్తి వేయకుండా, ఇసుకను రాసుకుంటూ మెల్లగా జరపాలి. ఆ కదలికను పసిగట్టి టేకు చేప తనంతట తానే తొలగిపోతుంది. ఒకవేళ ముల్లు గుచ్చుకుంటే గాయాన్ని కడిగి, ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో అరగంట నుంచి గంటన్నర వరకు ఉంచితే నొప్పి బాగా తగ్గుతుంది. చర్మం కాలకుండా ఆ నీటి వేడిని ముందుగా గాయం లేని చేతితో మరొకరు పరీక్షించాలి. ముల్లు ఛాతీలోనో, పొట్టలోనో, మెడలోనో దిగి ఉంటే దాన్ని పీకరాదు. అలాగే కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. గాయం చిన్నదైనా వైద్యుడికి చూపించాలి. ముల్లు ముక్క లోపల మిగిలిపోవచ్చు, ధనుర్వాతం టీకా కూడా అవసరం కావచ్చు.

కోపం వచ్చినప్పుడు తనను తాను అదుపులో ఉంచుకునేవాడే బలశాలి అన్న మహాప్రవక్త (స) బోధ మనం ఎన్నోసార్లు విన్నాం. చేపకు నైతిక బాధ్యత లేదు, అది తనకు అల్లాహ్ నేర్పిన స్వభావం ప్రకారమే నడుస్తుంది. బాధ్యత ఉన్నది మనకు. ఇంట్లో నోటి మాట అనే ముల్లును మనం దేనికి వాడుతున్నాం? భార్య మీద, భర్త మీద, ఎదురు చెప్పలేని పిల్లల మీద, పనివారి మీద విదిలిస్తున్నామా? తప్పుకుపోయే దారి ఉన్నంతవరకు తప్పుకోవడమే ఆ చేప స్వభావమైతే, వివేకం ఇవ్వబడిన మనకు ఆ పాటి నిగ్రహం ఉండవద్దా?

ముల్లు లేని మహాకాయం

టేకు జాతుల్లో అన్నిటికంటే పెద్దది మాంటా. స్పానిష్ భాషలో ఆ మాటకు దుప్పటి అని అర్థం. మహాసముద్రాల్లో తిరిగే పెద్ద మాంటా రెక్కల వెడల్పు 7 మీటర్ల వరకు ఉంటుంది. పగడపు దిబ్బల దగ్గర ఉండే రెండో జాతి 5 మీటర్ల వరకు పెరుగుతుంది. నోటికి ఇరువైపులా ముందుకు సాగిన రెండు మడతలు కొమ్ముల్లా కనిపించడం వల్ల పూర్వపు నావికులు దీన్ని దెయ్యపు చేప అని పిలిచారు. వారు భయపడిన ఆ కొమ్ములు నిజానికి నీటిని నోటి వైపు మళ్లించే దొప్పలు మాత్రమే. మాంటాకు మనుషులకు హాని చేయగల ముల్లు లేదు, కొరికే పళ్లు లేవు. ఇంత పెద్ద శరీరం ఉన్న ఆ ప్రాణి ఆహారం ప్లవకాలు, అంటే నీటిలో తేలియాడే అతి సూక్ష్మ జీవులు. నోరు తెరిచి ఈదుతూ నీటిని లోపలికి తీసుకుని, మొప్పల్లో ఉన్న జల్లెడలాంటి పలకలతో ఆ జీవులను వడగట్టుకుంటుంది.

మన పొరుగునే ఉన్న ముస్లిం దేశం మాల్దీవుల్లో బా అటోల్ అనే దీవుల సమూహంలో హనీఫారు అనే చిన్న అఖాతం ఉంది. నైరుతి రుతుపవనాల కాలంలో, ఆటుపోట్లు బలంగా ఉన్న రోజుల్లో, ప్రవాహాలు ప్లవకాలను తెచ్చి గరాటులాంటి ఆ అఖాతంలో పోస్తాయి. ఆ విందుకు మాంటాలు పదుల్లో, ఒక్కొక్కప్పుడు వందకు పైగా చేరుతాయి. ఒకదాని వెనుక ఒకటి బారులు తీరుతాయి. మరీ ఎక్కువైనప్పుడు ఆ బారు గుండ్రంగా తిరిగి నీటిలో ఒక సుడిలా మారుతుంది. అంత పెద్ద ప్రాణులు అంత ఇరుకు చోట తిరుగుతూ కూడా క్రమం తప్పవు.

మాంటాలు పగడపు దిబ్బల వద్ద కొన్ని నిర్ణీత స్థలాలకు మళ్లీ మళ్లీ వస్తాయి. అక్కడ చిన్న చిన్న చేపలు వాటి శరీరం మీది పరాన్నజీవులను ఏరి తింటాయి. మాంటా నీటిలో ఓపికగా నిలిచి, వేలెడంత చేపలకు తన మొప్పలను అప్పగిస్తుంది. దీనికి శుభ్రత, దానికి ఆహారం. ప్రతి మాంటా పొట్ట మీద నల్లటి మచ్చలు ఉంటాయి. మన వేలిముద్రల్లాగే ఏ రెండింటి మచ్చలూ ఒకటి కావు. ఆ మచ్చల ఫోటోల ఆధారంగానే పరిశోధకులు ఒక్కొక్క మాంటాను ఏళ్ల తరబడి గుర్తుపడుతున్నారు. భూమి మీది ప్రాణులూ, రెక్కలతో ఎగిరే పక్షులూ మనలాగే సముదాయాలని అల్‌అన్ఆమ్ సూరా 38వ ఆయతు మనకు తెలియజేస్తుంది. ఒకే రకం అనుకునే గుంపులో కూడా ప్రతి ఒక్కదానికి వేరుగా ఒక ముద్ర వేసిన ప్రభువు ఎంతటి మహోన్నతుడు!

ఒకే ఒక్క పిల్ల

కవళ్లు వంటి చిన్న చేపలు ఒక్కసారికి వేలకొద్దీ గుడ్లు పెడతాయి. వాటిని ఎంత పట్టినా, సముద్రానికి విరామం ఇస్తే మళ్లీ నిండుతాయి. టేకు చేపల సంగతి అలా కాదు. వీటిలో ఎక్కువ జాతులు గుడ్లు బయట పెట్టవు, పిల్లలను కంటాయి. గర్భంలో ఉన్న పిల్లకు గర్భాశయపు గోడల నుంచి పాలవంటి పోషక ద్రవం అందుతుంది. తల్లిపాలు నేలమీది జీవులకే పరిమితమని అనుకునే మనకు ఇది ఆశ్చర్యం కలిగించే విషయమే.

టేకు జాతుల్లోదే అయిన రంపపు చేపను చూడండి. దాని మూతి పొడవైన రంపంలా ఉంటుంది, ఇరువైపులా పదునైన పళ్లుంటాయి. అటువంటి రంపంతో పిల్ల పుడితే తల్లి గర్భం ఏమైపోవాలి? అందుకే పుట్టే సమయంలో ఆ రంపం మెత్తగా, పళ్లమీద ఒక జిగురు తొడుగుతో ఉంటుంది. పుట్టిన తరువాత ఆ తొడుగు ఊడిపోయి రంపం గట్టిపడుతుంది. తల్లికి గాయం కాకుండా బిడ్డ ఆయుధానికి ఒర తొడిగిన ఆ కారుణ్యాన్ని చూసి మన కళ్లు చెమర్చాలి.

మాంటా దాదాపు ఒక సంవత్సరం గర్భం మోస్తుంది. చాలావరకు ఒకే ఒక్క పిల్లను కంటుంది. ఆ తరువాత మళ్లీ కనడానికి రెండు నుంచి ఐదేళ్లు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువే పడుతుంది. అంటే ఒక తల్లి మాంటా తన జీవితకాలమంతటిలో కనే పిల్లలను వేళ్ల మీద లెక్కించవచ్చు. మొప్పలకు నీరందడానికి మాంటా నిరంతరం ముందుకు ఈదుతూ ఉండాలి. వలలో చిక్కి కదలలేకపోతే ఊపిరాడక చనిపోతుంది. దాని కోసం వేసిన వల కాకపోయినా సరే, చిక్కితే అంతే.

ఇప్పుడు లెక్క చూద్దాం. సొరచేపలు, టేకు చేపలు, వాటి సంబంధిత జాతులు అన్నిటినీ కలిపి పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2021లో ప్రకటించిన ప్రకారం, వాటిలో మూడింట ఒక వంతుకు పైగా జాతులు అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. ప్రధాన కారణం అతిగా పట్టడం. ఒకప్పుడు మన తీరంలో కనిపించిన రంపపు చేపలు ఇప్పుడు కానరావడమే గగనమైంది. 2001లో భారత ప్రభుత్వం వాటిని వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో, పులికి ఇచ్చే రక్షణతో సమానంగా చేర్చింది. వాటిని పట్టడం, అమ్మడం నేరం.

మాంటాలను వేటాడటానికి మరొక కారణం తోడైంది. వాటి మొప్పల పలకలను ఎండబెట్టి దక్షిణ చైనాలో ఔషధం పేరుతో అమ్ముతారు. నీటిని వడగట్టే పలక మనిషి రోగాన్ని కూడా వడగడుతుందన్నది ఆ వ్యాపారం పుట్టించిన ఊహే. ఆ ఊహ కోసం, ఐదేళ్లకొక పిల్లను కనే ప్రాణి ప్రాణం పోతోంది.

త్రాసు మన చేతిలోనే

ఇక్కడ కొందరు పాఠకులకు ఒక సందేహం కలగవచ్చు. సముద్రపు ఆహారం మనకు హలాల్ కదా, మరి ఈ చర్చ ఎందుకు? నిజమే. సముద్రపు వేట ధర్మసమ్మతమని అల్‌మాయిదా సూరా 96వ ఆయతు తెలుపుతోంది. సముద్రం నుంచి లభించే తాజా మాంసాన్ని అల్లాహ్ అనుగ్రహంగా అన్‌నహ్ల్ సూరా 14వ ఆయతు పేర్కొంటోంది. చేపలు పట్టి కుటుంబాన్ని పోషించుకునే సోదరుని శ్రమ గౌరవించదగినది. మేము హలాల్‌ను హరామ్ చేయబోవడం లేదు, ఆ హక్కు ఎవరికీ లేదు కూడా.

అయితే సమ్మతి ఇచ్చిన ప్రభువే హద్దు కూడా నిర్ణయించాడు. తినండి, తాగండి అన్న ఆజ్ఞ వెంటనే మితిమీరవద్దన్న ఆజ్ఞ కూడా ఉంది. అర్రహ్మాన్ సూరాలో ఆకాశాన్ని ఎత్తిన ప్రస్తావన పక్కనే త్రాసును నిలిపిన ప్రస్తావన, ఆ త్రాసులో అతిక్రమించవద్దన్న హెచ్చరిక ఉన్నాయి. కిరాణా కొట్టులో తూకం తగ్గించకపోవడంతోనే ఆ త్రాసు హక్కు తీరిపోతుందా? తీసుకునేదానికీ, తిరిగి పుట్టేదానికీ మధ్య ఉన్న సమతూకం కూడా ఆ త్రాసులోనిదే. ఐదేళ్లకు ఒకటి పుట్టేదాన్ని ఏటా పదులకొద్దీ తీసుకుంటే అది తూకంలో మోసమే. ఆ మోసానికి గురయ్యేది మన మనుమలూ, మునిమనుమలూ.

ఒక ప్రయాణంలో సహచరులు ఒక చిన్న పక్షి పిల్లలను పట్టుకోగా, తల్లి పక్షి రెక్కలు కొట్టుకుంటూ పైన తిరగసాగింది. మహాప్రవక్త (స) దాన్ని చూసి కలత చెంది, పిల్లలను తిరిగి దానికి అప్పగించమని ఆదేశించారు. అబూదావూద్ హదీసు సంకలనంలో ఉన్న ఈ సంఘటన మనకు చిన్నప్పటి నుంచి పరిచయమే. నీటి పైన రెక్కలు కొట్టుకున్న తల్లి బాధ కళ్లకు కనిపిస్తుంది. నీటి కింద రెక్కలు కొట్టుకునే తల్లి బాధ కనిపించదు. కనిపించనంత మాత్రాన అది మన లెక్కలోంచి తొలగిపోతుందా?

ఈ సమతూకాన్ని నిలబెట్టిన ఉదాహరణలు ముస్లిం సమాజాల్లోనే ఉన్నాయి. మాల్దీవులు 2014లో తమ జలాల్లోని టేకు జాతులన్నిటికీ రక్షణ ప్రకటించింది. హనీఫారు అఖాతాన్ని 2009లోనే రక్షిత ప్రాంతంగా చేసింది. 2011లో బా అటోల్‌కు యునెస్కో జీవావరణ సంరక్షణ ప్రాంతంగా గుర్తింపు లభించింది. మాంటాలను చూడటానికి వచ్చే యాత్రికుల వల్ల ఆ దేశానికి ఏటా దాదాపు 81 లక్షల అమెరికన్ డాలర్ల ఆదాయం వస్తోందని అంతకుముందే ఒక అంచనా వెలువడింది. అక్కడ బతికి ఉన్న మాంటా ఏటేటా అన్నం పెడుతుంది.

ప్రపంచంలో అత్యధిక ముస్లిం జనాభా గల ఇండోనేషియా కూడా 2014లోనే తన జలాలన్నిటా మాంటాల వేటను నిషేధించింది. అయితే చట్టం రాయడం ఒక ఎత్తు, ఊరు మారడం ఒక ఎత్తు. ఆ దేశంలో సోలోర్ దీవి మీద లామకెరా అనే ముస్లిం మత్స్యకారుల గ్రామం ఉంది. వారు తరతరాలుగా చేతి ఈటెలతో మాంటాలను వేటాడినవారు. తెరచాప పడవల కాలంలో ఊరి ఆహారానికి సరిపడా పట్టేవారు. మోటారు పడవలు వచ్చి, మొప్పల పలకలకు విదేశాల్లో ధర పలకడం మొదలయ్యాక వేట ఊరి అవసరాన్ని దాటిపోయింది. సముద్రంలో మాంటాలు తగ్గాయి, వేటగాళ్లు మరింత దూరం పోవలసి వచ్చింది. నిషేధం వచ్చాక వారి ముందున్న ప్రశ్న చిన్నది కాదు. తండ్రి, తాత నేర్పిన పని మానితే పొయ్యి ఎలా వెలగాలి? ఆ ప్రశ్నకు జవాబు లేకుండా నీతి చెప్పడం న్యాయం కాదు. అక్కడ పనిచేసినవారు ఆ ఊరివారితో కూర్చుని, ఇతర చేపల వేట వంటి ప్రత్యామ్నాయ జీవనోపాధులను చూపడంతో మాంటాల వేట గణనీయంగా తగ్గింది. పాత వేటగాళ్లలో కొందరు సంరక్షణ పనిలో చేరారు.

అమానత్ అంటే ఇదే. తన దగ్గర ఉంచబడిన వస్తువును వాడుకునే హక్కు ఉన్నా, అది తనది కాదన్న స్పృహతో వాడటం.

మన ఇంటి నుంచి

ఇది చదివి, మనం మాంటాలను పట్టేవాళ్లం కాదు కదా అని పుట మూసివేయవద్దు. మన చేతిలో ఉన్నవి కూడా తక్కువేమీ కావు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు యాంత్రిక పడవలకు వేట విరామం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఆ రోజుల్లో దొంగతనంగా పట్టిన చేపను ధర తక్కువని కొనకపోవడం మన వంతు. ఏ కాలంలోనైనా చేతివెడల్పు కూడా లేని పసి టేకులను, గర్భంతో ఉన్నవాటిని కొనేందుకు నిరాకరిస్తే, అమ్మేవారు కూడా కొంత ఆలోచిస్తారు. కొన్న చేపను పారవేయకుండా, అవసరమైనంతే వండుకుని, మిగిలితే ఇరుగుపొరుగువారితో పంచుకోవడం మన దీన్ నేర్పిన మర్యాదే. అరుదైన ప్రాణి మొప్ప, ముల్లు, రంపం వంటివి ఇంట్లో ఉంటే రోగం పోతుందనీ, శుభం కలుగుతుందనీ ఎవరైనా చెప్తే నమ్మవద్దు. స్వస్థత ఇచ్చేవాడు అల్లాహ్ ఒక్కడే. చికిత్సకు వైద్యులున్నారు.

అన్నిటికంటే ముందు చేయగలిగింది పిల్లలతో మాట్లాడటం. ఈసారి సముద్రతీరానికి వెళ్లినప్పుడు, చేపల రేవులో టేకు చేప కనిపించినప్పుడు, తాకవద్దు అన్న మాటతో ఆగిపోకండి. దాని కళ్ల వెనుక ఉన్న రెండు రంధ్రాలను చూపండి. అవి ఎందుకున్నాయో అడగండి. ఆ ముల్లుతో అది ఎవరినీ వెంటాడదని చెప్పండి. తనకున్న శక్తిని తన ప్రాణం మీదికి వచ్చినప్పుడే అది వాడుతుందని చెప్పండి. మన శక్తికి అలాంటి హద్దు ఎవరు పెట్టారని అడగండి. పిల్లలు వెంటనే జవాబు చెప్పలేకపోవచ్చు. ఆ ప్రశ్న వారి మనసులో ఉండిపోతే అదే చాలు.

టేకు చేపకు త్రాసు ఇవ్వబడలేదు, అయినా అది తన హద్దు దాటదు. త్రాసు ఇవ్వబడిన మనం వలల్లోనూ, మాటల్లోనూ దాటుతున్నాం.

ఓ ప్రభూ! నీవు సృష్టించినదాన్ని చూసి నిన్ను గుర్తించే చూపును మాకు ప్రసాదించు. నీవిచ్చిన ఉపాధిలో మితాన్ని, నీవిచ్చిన శక్తిలో నిగ్రహాన్ని ప్రసాదించు. మాకు అప్పగించిన అమానత్‌ను మా తరువాతివారికి తరగకుండా అందించేవారిలో మమ్మల్ని చేర్చు. ఆమీన్.